గోదావరి డెల్టాలో పాత డాబా ఇల్లు కొంటున్నారా? ముందు నేల ఎత్తు చూడండి

మీరు అడిగినదాని సారాంశం ఇది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు. అమ్మగారికి, నాన్నగారికి మెట్లెక్కే ఓపిక తగ్గింది, కోనసీమలోనే ఉంటామంటున్నారు. పి.గన్నవరం దగ్గర 6 సెంట్ల స్థలంలో 1990ల నాటి డాబా ఇల్లు ఒకటి నచ్చింది. ఇద్దరు అన్నదమ్ములది, ఒకాయన కువైట్‌లో ఉంటున్నాడు. నుయ్యి, బోరు, నాలుగు కొబ్బరిచెట్లు ఉన్నాయి, లోపలా బయటా కొత్తగా రంగులు వేయించారు. బ్రోకరు బయానా ఇచ్చేయమని తొందరపెడుతున్నాడు. ఏమేం చూసుకోవాలి, పైన ఒక గది వేసుకోవచ్చా, ధర ఎలా తేల్చుకోవాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను సివిల్ ఇంజనీరుని. ఈ డెల్టాలో ఇళ్ళు కట్టించడం, బ్యాంకు లోన్ల కోసం పాత ఇళ్ళకి విలువ కట్టడం చాలా ఏళ్ళుగా నా పని. ఈ అనుభవంతో ముందుగా ఒక మాట చెబుతాను. ఇక్కడ పెచ్చులూడిన గోడని బాగుచేసుకోవచ్చు, వంటగది మార్చుకోవచ్చు, చివరికి శ్లాబు కూడా తీసి మళ్ళీ వేసుకోవచ్చు. స్థలం పల్లంలో ఉండి, చుట్టుపక్కల నీళ్ళన్నీ మన దొడ్లోకే వస్తుంటే మాత్రం మీరొక్కరే చేయగలిగింది చాలా తక్కువ. అందుకే ఇంటి లోపలికి వెళ్ళకముందే బయట నిలబడి మెరక ఎటు, పల్లం ఎటు, వాననీళ్ళు ఎటు పోతాయి అన్నది తేల్చుకోవాలి.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక తాపీమేస్త్రిని, ఆయన వాడే లెవెల్ ట్యూబునీ తీసుకెళ్ళండి. రోడ్డు మధ్య ఎత్తు, గేటు దగ్గర ఎత్తు, దొడ్డి ఎత్తు, ఇంట్లో గచ్చు ఎత్తు, వీధి కాలవ అడుగు, ఆ కాలవ వెళ్ళి కలిసే బోదె లేదా డ్రెయిన్‌లో నీటిమట్టం, ఇవన్నీ ఒకదానితో ఒకటి పోల్చి కాగితం మీద రాసుకోండి. గచ్చు రోడ్డు కన్నా కనీసం 2 అడుగులు పైన ఉండాలని నేనంటాను. 1990ల్లో కట్టినప్పుడు ఇది అంత ఎత్తులోనే ఉండి ఉంటుంది. కానీ ఆ తర్వాత మట్టిరోడ్డు మీద మెటల్ రోడ్డు, దాని మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ వచ్చారు. వేసినప్పుడల్లా వీధి లేచింది, ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. మన చిన్న ఊళ్ళలో పాత ఇళ్ళు ఇప్పుడు వీధి కన్నా కిందికి కనిపించడానికి ఇదే కారణం. పక్క స్థలాలవాళ్ళు మెరక పోసుకుని కొత్త ఇళ్ళు కట్టుకున్నారేమో కూడా చూడండి. మూడువైపులా మెరకై, మీదొక్కటే పాత మట్టంలో ఉంటే వాళ్ళ చూరునీళ్ళు కూడా మీకే వస్తాయి.

ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. వరదలు వచ్చాయా అని అడిగితే ఎవరైనా రాలేదనే అంటారు. ఏడాది పేరు చెప్పి అడగాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2006 ఆగస్టులో మళ్ళీ పెద్ద వరద. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఈ మూడుసార్లూ ఈ వీధిలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, ఎన్ని రోజులు నిలిచాయి అని ముగ్గురు నలుగురిని విడివిడిగా అడగండి. పి.గన్నవరం గోదావరి పాయ వైనతేయ పక్కనే కాబట్టి ఇల్లు ఏటిగట్టుకి ఏవైపున ఉందన్నది మొదటి ప్రశ్న. గట్టుకి ఏటివైపున, అంటే లంక వైపున ఉంటే, ఎంత చవకగా వచ్చినా పెద్దవయసు వాళ్ళ కోసం కొనవద్దు. వరద వచ్చిన ప్రతిసారీ వాళ్ళని పడవ మీద తీసుకురావాల్సి వస్తుంది. గట్టుకి ఊరివైపున ఉంటే కొంత నిశ్చింత.

అయితే ఊరివైపున ఉన్న ఇళ్ళని ఎక్కువసార్లు ముంచేది గోదావరి కాదు, వాన. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టి రెండు మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిస్తే ఆ నీరంతా మురుగు కోడుల్లోంచి, డ్రెయిన్లలోంచి సముద్రంలోకి పోవాలి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఆ నీళ్ళు దిగవు, వెనక్కి తంతాయి. డ్రెయిన్లలో గుర్రపుడెక్క పేరుకుపోయి ఉంటే ఇంకా కష్టం. కాబట్టి మీ వీధి మురుగు ఏ డ్రెయిన్‌లో కలుస్తుందో నడుచుకుంటూ వెళ్ళి మీ కళ్ళతో చూడండి. మధ్యలో ఎవరైనా పూడ్చేశారా, చేపల చెరువు గట్టు అడ్డం వేశారా, తూములు పూడిపోయాయా చూడండి. మీరు సెలవు చూసుకుని వెళ్ళాల్సింది సంక్రాంతికి కాదు. జనవరిలో కోనసీమలో ప్రతి ఇల్లూ అందంగానే ఉంటుంది. గట్టి వాన కురిసిన మర్నాడు ఒకసారి, మే నెలలో ఒకసారి వెళ్ళండి.

మే నెల ఎందుకంటే, అప్పుడు కాలవలు కట్టేసి ఉంటాయి. ధవళేశ్వరం నుంచి కాలవల్లో నీళ్ళు పారుతున్నంతకాలం చుట్టుపక్కల నూతుల్లో మంచినీళ్ళు పైకే ఉంటాయి. వేసవిలో కాలవలు కట్టేశాక అవే నూతులు దిగిపోతాయి, కొన్నిచోట్ల నీళ్ళు ఉప్పదేలతాయి. ఇల్లు అమ్మేవాళ్ళు ఆగస్టులో నుయ్యి చూపించి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయంటే అది అబద్ధం కాకపోవచ్చు, కానీ సగం నిజం. మేలో నుయ్యి నీళ్ళు, బోరు నీళ్ళు వేర్వేరు సీసాల్లో పట్టి ల్యాబులో పరీక్ష చేయించండి. తాగేనీటిలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 2000 వరకు ప్రమాణాలు ఒప్పుకుంటాయి. పంచాయతీ మంచినీళ్ళ చెరువు వేసవి చివరిదాకా సరిపోతోందా, కుళాయి రోజూ వస్తుందా అని పక్కింటి ఆడవాళ్ళని అడగండి. ఈ విషయంలో వాళ్ళు చెప్పేదే సరైన సమాచారం. ఇంకా దక్షిణాన, సముద్రం వైపు ఊళ్ళు కూడా చూస్తున్నట్టయితే మరింత జాగ్రత్తగా ఉండండి. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరితోటలు తలలు ఎండిపోయిన తీరు చూస్తే నేల ఎలా మారుతుందో తెలుస్తుంది. దొడ్లో ఉన్న కొబ్బరిచెట్ల మొవ్వు పచ్చగా, గెలలు నిండుగా ఉంటే నేల బాగున్నట్టే.

నుయ్యికీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య దూరం టేపు పెట్టి కొలవండి. ఇంకుడు గొయ్యి తాగేనీటి నూతికి కనీసం 60 అడుగుల దూరంలో ఉండాలి. 6 సెంట్లలో అది చాలాసార్లు కుదరదు, పైగా పక్కింటివాళ్ళ గొయ్యి మీ గోడకి ఆనుకునే ఉండవచ్చు. కుదరకపోతే ఆ నూతి నీళ్ళు వాడకానికే అని మొదటిరోజే ఇంట్లో అందరికీ చెప్పేయండి. ఇక్కడ భూగర్భజలం పైకే ఉంటుంది కాబట్టి వర్షాకాలంలో ఒరల మరుగుదొడ్లు నిండిపోయి వెనక్కి తంతాయి. ఈ ఇంటిదెలా ఉందో సెప్టెంబరులో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. అద్దెకున్నవాళ్ళు ఎవరైనా ఖాళీ చేసి వెళ్ళి ఉంటే వాళ్ళని వెతికి అడగండి.

ఇక ఇల్లు. కొత్త రంగులు వేశారన్నారు కదా, నేనైతే ముందు అక్కడే ఆగుతాను. అమ్మకానికి ముందు పుట్టీ పెట్టి రంగు వేస్తే చెమ్మ ఒక వర్షాకాలం దాకా కనపడదు. అల్మారా లోపలి గోడలు, మంచం వెనక, మెట్ల కింద, స్నానాలగది వెనక గోడ, ఇలా రంగు సరిగా పడని చోట్ల చూడండి. కింది రెండు మూడు అడుగుల్లో పిండిలా తెల్లటి ఉప్పు పూస్తుంటే నేలలోంచి చెమ్మ ఎక్కుతున్నట్టు. శ్లాబు అడుగుభాగాన్ని చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి చోట టంగుమంటుంది, పొరలు విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. ఊచల వరసలోనే సన్నటి బీటలు, గోధుమరంగు మరకలు ఉంటే లోపల ఊచలు తుప్పు పట్టాయని అర్థం. హాల్లో కొత్తగా ఫాల్స్ సీలింగ్ వేసి ఉంటే ఒకచోట పలక తీయించి చూడకుండా కొనవద్దు. మా దగ్గర పాత ఇళ్ళలో ఈ తుప్పు ఎక్కువ. ఆ రోజుల్లో ఉప్పు బోరు నీళ్ళతోనే కాంక్రీటు కలిపేసినవి, ఉప్పు తేలిన ఇసుక వాడినవి చాలా ఉన్నాయి. ఊచలు వేసే కాంక్రీటులో కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. పల్లెటూళ్ళలో అప్పుడు ఎవరూ కొలవలేదు. అనుమానం ఉంటే ఇంజనీరుని పిలిచి కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్ పరీక్ష చేయించండి, రెండు మూడు చోట్ల చిన్నగా చెక్కి ఊచ ఎలా ఉందో చూడండి. అమ్మేవాళ్ళు చెక్కడానికి ఒప్పుకోకపోతే దాన్నే జవాబుగా తీసుకోండి.

గోడల బీటల్లో అన్నీ భయపడాల్సినవి కావు. శ్లాబుకీ గోడకీ మధ్య అడ్డంగా వచ్చే సన్నటి గీత ఎండకి శ్లాబు సాగడం వల్ల వస్తుంది, అది మామూలే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, పైకి వెళ్ళేకొద్దీ వెడల్పయ్యే బీట ఉంటే పునాది ఒకవైపు దిగుతున్నట్టు. ఈ నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. వరిచేను పూడ్చి మెరక చేసిన స్థలమైతే ఈ బెడద ఇంకా ఎక్కువ. తలుపులు పట్టేస్తున్నాయా, గచ్చు ఒకవైపు వాలిందా చూడండి. గుమ్మాలకి చెద పట్టిందేమో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి.

ఒకవేళ గచ్చు రోడ్డుకి సమానంగానో కిందికో ఉండి, మిగతావన్నీ బాగున్నాయనుకోండి. ఇప్పుడు జాకీలతో ఇల్లు పైకి లేపేవాళ్ళు మన జిల్లాలకి వస్తున్నారు, లేపించుకున్న ఇళ్ళు నేను చూశాను. గోడలు ఒకే మందంలో ఉండి, శ్లాబు గట్టిగా ఉంటేనే ఆ పని చేయించాలి. తుప్పుపట్టిన శ్లాబున్న ఇంటికి ఆ ఖర్చు పెట్టడం నాకు ఇష్టం లేదు, ఆ డబ్బుతో కొత్తది కట్టుకోవడమే మంచిది. ఇంటి లోపల గచ్చు మాత్రమే ఎత్తు చేస్తామని మేస్త్రి అంటే, గుమ్మాలు పొట్టివైపోతాయి, కిటికీలు మోకాళ్ళ దగ్గరికొస్తాయి. ఒక అడుగు దాకా అయితే ఆలోచించవచ్చు.

ఇక్కడ మీ పరిస్థితిలో ఒక చిక్కుంది. డెల్టాలో గచ్చు ఎత్తుగా ఉండాలంటున్నాను. కానీ అమ్మగారి మోకాళ్ళకి ఆ ఎత్తే కష్టం. రెండున్నర అడుగుల ఎత్తంటే ఆరేసి అంగుళాల చొప్పున ఐదు మెట్లు. మెట్లు లేకూడదని పల్లపు ఇల్లు ఎంచుకోకండి. ఎత్తు ఇల్లే తీసుకుని వాలుబాట కట్టించండి. 1 అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు లెక్కన రెండున్నర అడుగులకి 30 అడుగులు కావాలి. 6 సెంట్లంటే సుమారు 290 గజాలు కాబట్టి ఇంటి పక్కగా, మధ్యలో ఒక మలుపుతో సరిపోతుంది. రెండువైపులా పట్టుకునే పైపు తప్పనిసరి. ఇలాంటి ఇళ్ళలో మరుగుదొడ్డి తరచూ దొడ్లో దూరంగా ఉంటుంది. పడగ్గదికి ఆనించి ఒకటి లోపల కట్టించే వీలుందా, ఆ గచ్చు జారకుండా ఉంటుందా అన్నది మీకు పైన గది కన్నా ముఖ్యం.

పైన గది సంగతి. 1990ల్లో ఊళ్ళలో కట్టినవి చాలావరకు పిల్లర్లు లేని ఇళ్ళు. 9 అంగుళాల ఇటుక గోడల మీదే శ్లాబు ఉంటుంది, కింద ఇటుకతో మెట్లు మెట్లుగా కట్టిన పునాది. ఒక అంతస్తుకి లెక్కవేసిన దాని మీద రెండో అంతస్తు వేయమని నేను చెప్పను. ఈ మట్టిలో రెండో అంతస్తు వేయాలనుకునేవాళ్ళు ఇప్పుడు అండర్-రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బుగా ఉండే లోతైన కాంక్రీటు స్తంభాలు, వేసుకుని పైకి వస్తున్నారు, పాత ఇంటి కింద అది పెట్టలేం. పిల్లర్లు ఉన్నాయని అమ్మేవాళ్ళు అంటే మూల దగ్గర తవ్వి చూపించమనండి. పైన రేకుల షెడ్డు కూడా గాలికి భయపడే వేయాలి. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమలో రేకుని, పెంకుని, కొబ్బరిచెట్టుని ఎలా లేపేసిందో మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది. అలాంటి గాలికి ఒకే అంతస్తు శ్లాబు ఇల్లు మంచి రక్షణ, దాన్ని అలాగే ఉంచుకోండి. ఇంటి మీదకి వాలిన కొబ్బరిచెట్టు ఏదైనా ఉంటే మాత్రం మమకారం చూసుకోకుండా కొట్టించేయండి.

కాగితాల విషయానికొస్తే, మొదట తేల్చుకోవాల్సింది స్థలం ఏ రకానిదో. గ్రామకంఠం, అంటే ఊళ్ళో ఇళ్ళున్న పాత నివాస స్థలం, అయితే పట్టాదారు పాసుపుస్తకం ఉండదు. పాత దస్తావేజులు, పంచాయతీ ఇంటిపన్ను, హద్దులు, ఎంతకాలంగా ఎవరి అనుభవంలో ఉందన్నదే ఆధారం. కొన్ని బ్యాంకులు దీనికి లోన్ ఇవ్వడానికి వెనకాడతాయి, కాబట్టి లోన్ మీద ఆధారపడితే ముందు బ్యాంకు లాయరుకి కాగితాలు చూపించి తర్వాతే మాట ఇవ్వండి. కాలవగట్టు, ఏటిగట్టు పోరంబోకు మీద కట్టిన డాబాలు మన డెల్టాలో వరసలు వరసలుగా ఉన్నాయి. వాటికీ డోరు నంబరు ఉంటుంది, కరెంటు మీటరు ఉంటుంది, ఏళ్ళ తరబడి పన్ను రసీదులు ఉంటాయి. అవేవీ హక్కుపత్రాలు కావు. సర్వే నంబరు పట్టుకుని రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి, దేవాదాయ భూములు ఈ ప్రాంతంలో చాలానే ఉన్నాయి. రీసర్వే అయిన గ్రామమైతే పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది, రెండూ సరిపోల్చాలి. ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ళ పట్టా అయితే అమ్ముకునే హక్కు వచ్చిందో లేదో తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, కనీసం 30 ఏళ్ళకి తీయించండి. 1983కి ముందువి కావాలంటే పాత పుస్తకాల్లోంచి తీయించుకోవాలి. లింకు దస్తావేజుల్లో ఉన్న కొలతలు, స్థలం మీద ఉన్న కొలతలు లైసెన్సున్న సర్వేయరుతో సరిచూడండి. ఉమ్మడి గోడ ఉందా, పక్కవాళ్ళకి మీ దొడ్లోంచి నడకదారి ఉందా అని అడగండి. దగ్గర్లో గ్యాస్ పైపులైను గుర్తు రాళ్ళు ఉన్నాయేమో కూడా ఒకసారి కలియదిరగండి. పైపులైను కోసం హక్కు తీసుకున్న పట్టీలో కట్టడాలకి అనుమతి ఉండదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఏం జరిగిందో ఈ చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అన్నదమ్ములిద్దరూ సంతకం పెడితే చాలని బ్రోకరు చెబుతూ ఉంటాడు. అది తండ్రి ఇల్లయితే అక్కచెల్లెళ్ళు ఉన్నారా అని మీరే అడగండి. తండ్రి స్వార్జితమై, వీలునామా లేకుండా పోయి ఉంటే కూతుళ్ళకి, తల్లికి సమాన వాటా. పిత్రార్జితమైనా, కూతుళ్ళకి వాటా ఇచ్చే హిందూ వారసత్వ చట్ట సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. తండ్రి 2005 నాటికి బతికున్నాడా లేదా అన్నదానితో పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం, వాళ్ళకేం లేదు అంటే ఆ మాట కోర్టులో నిలవదు. ఆడపడుచులందరూ దస్తావేజులో సంతకం పెట్టాలి, లేదా ముందే రిజిస్టరైన హక్కు విడుదల పత్రం ఉండాలి. తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకుంటే ఎవరెవరు వారసులో తెలిసిపోతుంది.

కువైట్‌లో ఉన్నాయన రాలేకపోతే అక్కడి మన ఎంబసీలో అటెస్ట్ చేయించిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున వేరొకరికి ఇచ్చే అధికారపత్రం) పంపాలి. అది ఇండియాకి చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టి చెల్లుబాటు చేయించుకోవాలి. అందులో అమ్మే హక్కు, డబ్బు తీసుకునే హక్కు స్పష్టంగా రాసి ఉన్నాయో చూడండి. రిజిస్ట్రేషన్ రోజు ఆయనతో వీడియోకాల్‌లో మాట్లాడండి. ఇంకోటి, ఆయన ఆదాయపన్ను లెక్కల్లో ప్రవాసి అయితే ఆయన వాటా డబ్బులోంచి పన్ను పట్టుకుని కట్టాల్సిన బాధ్యత కొన్న మీది. 50 లక్షలు, అంతకు మించి ఉంటేనే ఒక శాతం అనే నిబంధన ఇక్కడ ఉండే అమ్మకందారులకి మాత్రమే. ప్రవాసికి ఆ పరిమితి లేదు, శాతం కూడా చాలా ఎక్కువ. ముందే ఆడిటరుని కలవకపోతే తర్వాత నోటీసు మీకే వస్తుంది.

ధర తేల్చుకోవాలంటే స్థలానికి వేరుగా, ఇంటికి వేరుగా లెక్కవేయండి. అదే వీధిలో ఈ మధ్య అమ్ముడైన ఖాళీ స్థలం సెంటు ఎంతకి పోయిందో ఇద్దరు ముగ్గురిని అడిగితే స్థలం విలువ తెలుస్తుంది. ఇంటికి, ఇవాళ అలాంటిదే కట్టడానికయ్యే ఖర్చు తీసుకుని వయసుకి తగ్గించాలి. శ్లాబు ఇంటికి మామూలుగా 60 ఏళ్ళ ఆయుష్షు వేస్తాం, కాబట్టి 30 దాటిన ఇంటికి సగం కన్నా తక్కువే వస్తుంది. అందులోంచి మెరక, శ్లాబు మరమ్మతు, లోపల మరుగుదొడ్డి, వాలుబాట, కొత్త సెప్టిక్ ట్యాంకు ఖర్చులు తీసేయండి. మీ వైపు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి సుమారు 7.5 శాతం అదనం.

బయానా తొందర వద్దు. ఇచ్చేటప్పుడు చిన్న మొత్తమే ఇవ్వండి, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఇల్లు, స్థలాల లావాదేవీల్లో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని చట్టం. ఆడపడుచుల సంతకాలు, చెల్లుబాటైన జీపీఏ, సర్వే కొలతలు, ఈ మూడూ వచ్చాకే మిగతా డబ్బు ఇస్తామని, ఏదైనా తేడా వస్తే బయానా తిరిగివ్వాలని అగ్రిమెంటులో రాయించండి. వీలైతే ఇంకొకటి కూడా అడగండి: ఒక వర్షాకాలం అందులో ఉండి చూసుకోవడానికి, జూలై నుంచి నవంబరు దాకా ఆ ఇంటిని అమ్మగారి పేరు మీద అద్దెకి ఇవ్వమని. ఇల్లు ఖాళీగా ఉంది, ఒక అన్న కువైట్‌లో ఉన్నాడు, జీపీఏ రావడానికి ఎలాగూ నెలలు పడుతుంది. ఒప్పుకునే అవకాశం చాలా ఉంది.